సాంబ్రాణి కప్పుల చేతి ప్రెస్సు: నాలుగేళ్లు నొక్కాక తేలిన సంగతులు

ఇది కొన్న మిషను కాదు. ఫ్రేము వెల్డింగ్ షాపులో, అచ్చు, పంచ్ (అచ్చులో పిండిని పైనుంచి నొక్కే దిమ్మ) నెల్లూరు ఆటోనగర్లో లేతు మీద చేయించినవి. కప్పు కొలతలు: బయట 32 మి.మీ., ఎత్తు 26, లోపల సాంబ్రాణి పోసే గుంట 16 మి.మీ. వెడల్పు, 16 లోతు. పనిచేస్తుందా అంటే, చేస్తుంది. కాకపోతే ఖర్చు పెట్టాల్సిన చోటు ఒకటైతే మొదట్లో అందరూ పెట్టేది ఇంకోచోట. లావు ఇనుము, పెద్ద జాకీ కోసం వెతుకుతారు. కప్పు బాగోగులు తేలేది అచ్చు నునుపులో, పంచ్ సందులో, పిండి తడిలో.

బలం లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 32 మి.మీ. గుండ్రం అంటే 8 చదరపు సెం.మీ. లివరు ఇరుసు నుంచి చేతిపట్టుకు 800 మి.మీ., ఇరుసు నుంచి పంచ్ లింకుకు 80. పదింతలు. చేత్తో 15 కిలోల బరువు మోపితే పంచ్ మీద 150 కిలోలు, చదరపు సెంటీమీటరుకు 18, 19 కిలోలు. ఇంతకంటే అక్కర్లేదు. రెండు టన్నుల బాటిల్ జాకీ పెట్టి నొక్కిన కప్పు చూడ్డానికి నల్లరాయిలా నిగనిగలాడుతుంది, వెలిగిస్తే సగంలో ఆరిపోతుంది. లోపలికి గాలి దూరే సందు ఉండదు మరి. జాకీతో ఇంకో చిక్కు, ఒక్కో కప్పుకి పది పంపులు కొట్టాలి. లివరైతే ఒక్క ఊపు.

అచ్చు ఎస్సెస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) గొట్టం, లోతు 55 మి.మీ. వదులుగా పోసిన పిండి నొక్కాక సగానికి దిగుతుంది కాబట్టి అంత లోతు కావాలి. పంచ్ ఇత్తడిది. రెండూ స్టీలే అయితే రాపిడికి ఒకదాన్నొకటి కరుచుకుని గీతలు పడతాయి. మైల్డ్ స్టీలుతో చేయిస్తే సగం డబ్బే అవుతుంది గానీ, మన సముద్రపు గాలికి, పేడ తడికి రెండో రోజే తుప్పు. నైలాన్ పంచ్ తడి పీల్చుకుని ఉబ్బుతుంది. పొద్దున జారిన పంచ్ మధ్యాహ్నానికి బిగుసుకుపోతుంది.

పంచ్‌కీ అచ్చుకీ మధ్య సందు ఒక్కో వైపు 0.2 మి.మీ. ఉండాలి. 0.1కి తగ్గిస్తే బొగ్గుపొడి చేరి పట్టేస్తుంది. 0.4 దాటితే కప్పు అంచున పల్చటి రెక్క లేస్తుంది, ఆరాక అది విరిగి అంచు పళ్ళుపళ్ళుగా కనిపిస్తుంది. గుంటను చేసే మధ్య మొలకు కొద్దిగా వాలు ఇవ్వాలి, కొన దగ్గర 16 ఉంటే మొదట్లో 17.5. దాని నడుమ పైదాకా 2.5 మి.మీ. బెజ్జం తప్పనిసరి. అది లేకపోతే పంచ్ ఎత్తేటప్పుడు గుంటలో గాలి చొరక, కప్పు అడుగు ఊడి మొలతోపాటే పైకొస్తుంది. ఈ బెజ్జం పాతిక కప్పులకోసారి పూడుకుంటుంది. సైకిలు స్పోకు 2 మి.మీ. ఉంటుంది, సరిగ్గా దూరుతుంది. ఒకటి ఫ్రేముకి దారంతో కట్టేసుకుంటే వెతుకులాట ఉండదు.

పైనుంచి మాత్రమే నొక్కే ప్రెస్సుకి పుట్టుకతో వచ్చే లోపం ఒకటుంది. అచ్చులోంచి తీసిన కప్పుని పక్కకి తిప్పి వెలుగులో చూడండి. పై రెండొంతులు చేత్తో రుద్దినట్టు మెరుస్తుంది, అడుగున మిగతా వంతు బొంబాయి రవ్వలా గరుకుగా ఉంటుంది. గోరుతో గీస్తే రాలుతుంది కూడా. అచ్చు గోడల రాపిడి బలాన్ని మధ్యలోనే తినేస్తుంది, అడుగు దాకా చేరనీయదు. దీనికి మందు బలం పెంచడం కాదు. అచ్చు గొట్టాన్ని బల్లకి బిగించకుండా మూడు స్ప్రింగుల మీద నిలబెట్టాలి, బొటనవేలితో గట్టిగా అదిమితే దిగేంతవి చాలు. నొక్కేటప్పుడు రాపిడికి గొట్టమే కాస్త కిందికి జారుతుంది, అడుగు దిమ్మ కదలదు, దాంతో కింది నుంచీ నొక్కినట్టవుతుంది. ఈ మార్పుకి ముందు పెట్టెల్లో అడుగులు రాలి పొడి చేరేది, తర్వాత ఆ పోరు చాలావరకు పోయింది. మొత్తం ప్రెస్సులో నేను ఎక్కువ మార్కులు వేసేది ఈ మూడు స్ప్రింగులకే.

కప్పుని బయటికి నెట్టేది కాలి పెడలు. ఎత్తే దిమ్మ అచ్చు అంచుతో సమంగా ఆగాలి, అర మిల్లీమీటరు కింద ఆగినా కప్పుని వేళ్ళతో పీకాల్సి వస్తుంది, తడి కప్పు అక్కడే నలుగుతుంది.

పిండి పాళ్లు: జల్లించిన పేడ పొడి కిలో, బొగ్గుపొడి 400 గ్రాములు, జిగట పొడి (పిండిని అతికించే చెట్టు బెరడు పొడి) 200, గుగ్గిలం 100. నీళ్లు 700 మి.లీ. దగ్గర మొదలుపెట్టి, పేడ ఎంత ఎండిందో చూసి చిలకరిస్తూ పెంచుకోవాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడాలి, వేళ్ళ సందుల్లో తడి కనిపించకూడదు, బొటనవేలితో పొడిస్తే రెండుగా విరగాలి. తడి ఎక్కువైతే కప్పు అచ్చుకి అంటుకుంటుంది, తక్కువైతే పై అంచు పళ్లెంలా ఊడొస్తుంది. కలిపాక తడిగుడ్డ కప్పి అరగంట వదిలేస్తే జిగట పూర్తిగా నానుతుంది. ఈ లెక్కన పచ్చిది 18 గ్రాములు తూగుతుంది, ఎండితే 13 లోపు, మొత్తం 130 కప్పుల దాకా వస్తాయి. తూకం వేస్తూ కూర్చోనక్కర్లేదు, పీవీసీ పైపు ముక్కతో కొలగిన్నె చేసుకుని తలగొట్టి పోస్తే చాలు.

పేడ ఒంగోలు ఆవుదే కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. జాతి సంగతేమో గానీ, మేత సంగతి నిజం. వరిగడ్డి తిన్న పశువు పేడలో పీచు ఉంటుంది, కప్పు పట్టుగా నిలుస్తుంది. దాణా మీద పెరిగే పాడి పశువు పేడ పొడైతే జిగట ఇంకో 50 గ్రాములు పడుతుంది. అంతకంటే ముఖ్యం, పేడ మట్టినేల మీద ఎత్తినదా, బండల మీద ఎత్తినదా అని. ఇసుక కలిసిన పేడ అచ్చుని ఆకురాయిలా అరగదీస్తుంది. అరిగేది కూడా అంతటా కాదు, కప్పు బిగుసుకునే చోట మాత్రమే కంటికి కనపడని గాడి పడుతుంది. ఆ గాడిలో తయారైన కప్పు దానికంటే ఇరుకైన పైభాగం గుండా బయటికి రావాలి. అందుకే నడుముకి అడ్డంగా వెంట్రుకవాసి చీలిక పడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు తెలియదు, ఎండాక రెండు ముక్కలు. పిండిని, తడిని తిట్టుకుంటాం గానీ దోషం అచ్చుది. వేలు లోపల పెట్టి కిందికి జార్చితే గాడి తగులుతుంది. అప్పుడు గొట్టాన్ని తలకిందులు చేసి పెడితే కొత్త చోటు దొరుకుతుంది. రెండు వైపులూ అరిగాక బోరు పెద్దది చేయించి, పంచ్ కొత్తది వేసుకోవాలి. పేడని 60 నంబరు జల్లెడ (అంగుళానికి 60 కన్నులు) పట్టేముందు నీళ్లలో చిటికెడు వేసి చూడండి, గిన్నె అడుగున ఇసుక చేరితే ఆ గోతం పిడకలకే.

బొగ్గు చిల్లచెట్టుదే (సర్కారు తుమ్మ) వాడతాను, మన జిల్లాల్లో దానికి కరువు లేదు. తొందరగా అంటుకోవాలని పెట్లుప్పు (సురేకారం) కలిపేవాళ్లు ఉన్నారు. ప్రెస్సులో నొక్కే పిండిలో దాన్ని కలపనే కలపవద్దు. బొగ్గు, పెట్లుప్పు కలిస్తే అది మందుగుండు జాతి, ఇనుము రాపిడి దగ్గర ఉండాల్సింది కాదు. కప్పు అంచున చిటికెడు కర్పూరం పెడితే చక్కగా అంటుకుంటుంది. బొగ్గు జల్లించేటప్పుడు ముక్కుకి గుడ్డ కాదు, మాస్కే కట్టుకోవాలి.

ఆరబెట్టడం దగ్గర మనవాళ్లకి ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. గిరాకీ దసరా నుంచి కార్తీకం దాకా. ఈశాన్య రుతుపవనాల వానలు మన తీరానికి పట్టేదీ సరిగ్గా అప్పుడే. ముసురులో మూడో రోజుకి కప్పుల మీద తెల్ల బూజు. అందుకని భాద్రపదం నాటికే సరుకు ఎండి డబ్బాల్లో పడాలి. ఎండ కాసినా మొదటి రోజు నీడలోనే ఉంచాలి. రోహిణి కార్తెలో నేరుగా ఎండలో పెడితే పైపొర బిగిసి, లోపలి తడి బయటికి రాలేక అంచు నుంచి చీలుతుంది. ఎండాక 32 మి.మీ. కప్పు 30కి దిగుతుంది, పెట్టె కొలతలు ఆ లెక్కన చెప్పించుకోవాలి. కొండపి వైపు ఖాళీ పొగాకు బ్యారన్లలో (పొగాకు ఆరబెట్టే గదులు) ఆరబెట్టడం కూడా చూశాం. ఆరడం బాగానే ఆరతాయి, కాకపోతే దేవుడి గదిలో చుట్ట వాసన.

ఫ్రేము గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 75 మి.మీ. ఛానలు, 16 మి.మీ. గైడు రాడ్లు రెండు, చెక్కుచెదరలేదు. అరిగింది ఇరుసు బెజ్జం ఒక్కటే. 12 మి.మీ. బోల్టుకి నేరుగా బెజ్జం కొట్టించడం తప్పు. ఏడాదిన్నరకి కోడిగుడ్డులా సాగి, పంచ్ ఒక పక్కకి ఒరగడం మొదలైంది. తడి కప్పుని బ్లేడుతో నిలువునా కోసి గోడలు కొలిస్తే అటూ ఇటూ 8 మి.మీ. ఉండాలి, ఒక పక్క 6, ఇంకోపక్క 10 వచ్చాయి. అలాంటి కప్పు పల్చటి పక్క ముందు కాలి, సాంబ్రాణి కరగకముందే కూలిపోతుంది. గన్‌మెటల్ బుష్ (బెజ్జంలో బోల్టు చుట్టూ కూర్చునే గొట్టం ముక్క) వేయించి, గ్రీజు నిపిల్ పెట్టించాక ఆ వదులు పోయింది. కొత్తగా చేయించేవాళ్లు మొదటే బుష్ వేయించుకోండి.

పది కప్పులకోసారి అచ్చులో వేరుశనగ నూనె గుడ్డతో తుడవాలి, పోయకూడదు. నూనె ఎక్కువైతే వెలిగించగానే నల్లపొగ వస్తుంది. సాయంత్రం పని ఆపగానే అచ్చు, పంచ్ విప్పి వేణ్ణీళ్లతో కడగాలి. జిగట రాత్రంతా ఎండిందా, పొద్దున సుత్తి తప్ప దిక్కుండదు. సుత్తి పడిన ఇత్తడి అంచు మళ్ళీ లేతు మీదికే.