ఇంట్లో నిమిషానికి 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్: మూడున్నరేళ్లు వాడాక నా మాట

మా నాన్నకి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి సరిగ్గా ఆడని దీర్ఘకాలిక జబ్బు. మేముండేది వైజాగ్ మర్రిపాలెంలో. 2021 చివర్లో హాస్పిటల్ నుంచి పంపించేటప్పుడు డాక్టర్ గారు చీటీ మీద రెండే ముక్కలు రాశారు, ఆక్సిజన్ నిమిషానికి 2 లీటర్లు, రోజుకి కనీసం 15 గంటలు. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, అంతకన్నా పెంచాలని చూడొద్దని నోటితో రెండుసార్లు చెప్పారు. అప్పుడు ఆ రెండోసారి ఎందుకో అర్థం కాలేదు.

కాన్సంట్రేటర్ మిషన్ వచ్చిన మూడో నెలలో అర్థమైంది. మా పెదనాన్న చూడ్డానికొచ్చి తమ్ముడు ఆయాసపడుతున్నాడని ప్రేమతో నాబ్ తిప్పి 4 దాటించేశారు. వేలికి పెట్టి శాచురేషన్ చూసే ఆక్సీమీటర్ లో 97 చూసి అందరం సంతోషించాం. తెల్లారేసరికి నాన్నకి తలనొప్పి, మత్తుగా ఉన్నారు, పిలిస్తే ఊ అంటున్నారు కానీ కళ్ళు తెరవట్లేదు. ఫోన్ చేస్తే డాక్టర్ గారు ముందు 2 కి దించమని, వెంటనే తీసుకురమ్మని చెప్పారు. ఈ జబ్బులో ఆక్సిజన్ మరీ ఎక్కువిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోద్దట. ఆ రోజు నుంచి నాబ్ మీద 2 దగ్గర ఎర్ర స్టిక్కర్ అంటించాం, చుట్టాలెవరొచ్చినా మొదట అది చూపిస్తాం.

ఇక మిషన్ సంగతి. మన స్టీల్ ప్లాంట్ లో గాలిని బాగా చల్లబరిచి ద్రవంగా మార్చి ఆక్సిజన్ విడదీస్తారు, 2021 ఏప్రిల్ లో ఇక్కణ్ణుంచే ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ట్యాంకర్లతో మహారాష్ట్ర వెళ్ళింది గుర్తుందిగా. ఇంట్లో మిషన్ పని వేరు, గదిలో గాలినే లాగి జియోలైట్ గుళికల గుండా నొక్కి పంపిస్తే అవి నైట్రోజన్ ని పట్టేసుకుంటాయి, మిగిలిన గాలిలో దాదాపు 93 శాతం ఆక్సిజన్ ఉంటుంది. ఆ గుళికలకి తేమ పడదు. మరి మన వైజాగ్ లో ఎండాకాలం గోడలే చెమట పట్టినట్టుంటాయి కదా.

నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే. రెండో ఏడాది ఆగస్టులో నాన్న శాచురేషన్ 90 నుంచి 86 కి, ఒకరోజు 84 కి పడింది. మిషన్ చూస్తే బాగానే ఉంది, ఫ్లో మీటర్ లో చిన్న బంతి 2 మీదే తేలుతోంది, నీళ్ళ సీసాలో బుడగలు వస్తున్నాయి. జబ్బు ముదిరిందేమోనని అమ్మ ఏడుపు. ఇంట్లో ఉన్న చిన్న సిలిండర్ తగిలిస్తే పావుగంటలో 90. అదే 2 లీటర్లు, అదే కాన్యులా (ముక్కుకి పెట్టే గొట్టం)! అప్పుడు మెకానిక్ ని పిలిస్తే గాలిలో ఆక్సిజన్ శాతం కొలిచే అనలైజర్ పెట్టి చూశాడు, ఆక్సిజన్ 76 శాతమే. ఆ బంతి చెప్పేది ఎంత గాలి వస్తోందని మాత్రమే, ఆ గాలిలో ఆక్సిజన్ ఎంతుందో అది చెప్పదు. కొన్ని మిషన్లకి స్వచ్ఛత తగ్గితే లైటు వెలుగుద్ది, మాది అమ్మినవాళ్ళు ఆ లైటు లేనిది అంటగట్టారు, మాకూ అడగాలని తెలీదు. జియోలైట్ డబ్బాలు మార్పించాక 94 చూపించింది. ఇప్పుడు ఆరునెలలకోసారి అనలైజర్ తో చూపిస్తున్నా, వెనకాల స్పాంజి ఫిల్టర్ ప్రతి ఆదివారం కడిగి పూర్తిగా ఆరాకే పెడుతున్నా, మిషన్ ని గోడకి అడుగు దూరం జరిపి ఉంచుతున్నా.

కరెంట్ గురించి చెప్పాలి. మాది 350 వాట్లు, రోజుకి 16 గంటలు నడిస్తే దగ్గర దగ్గర 170 యూనిట్లు నెలకి, బిల్లు చూసి గుండె ఆగకుండా ముందే చెప్తున్నా. 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ మీద మిషన్ ఒక్కటే వేస్తే మాకు మూడు గంటలు లాగింది. హుద్‌హుద్ తుఫాను అప్పుడు 2014 లో రోజుల తరబడి కరెంట్ లేకుండా ఉన్న ఊరు మనది, అందుకే బి టైప్ సిలిండర్ ఒకటి నిండుగా గోడకి గొలుసేసి ఉంచుతాం. అందులో దాదాపు 1500 లీటర్లు, 2 చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. స్పానర్ దానికే తాడుతో కట్టేయండి, చీకట్లో వెతుక్కోవడం మావల్ల కాలేదు.

ముక్కు గొట్టం అదే కాన్యులా మెత్తటి సిలికాన్ ది కొనండి, మామూలుదానికి నాన్న చెవుల వెనక పుండ్లు పడ్డాయి. అన్నం తింటూ మాట్లాడుతూ కూడా వాడొచ్చు కాబట్టి ఇంటికి ఇదే సరి. ఎవరో చెప్పారని మాస్క్ తెచ్చి 2 లీటర్లకి పెట్టకండి, మామూలు మాస్క్ కి కనీసం 5 లీటర్లు ఉండాలి, లేకపోతే వదిలిన గాలే మళ్ళీ పీల్చుకుంటారు. హాస్పిటల్లో నాన్నకి వెంచురీ మాస్క్ పెట్టారు, దానికి తగిలించే నీలం ముక్కకి 24 శాతం ఆక్సిజన్, తెల్ల ముక్కకి 28, అలా లెక్కగా ఇస్తుంది, అది వాళ్ళు చూసుకునే పని.

ముక్కు ఎండిపోతుందని అమ్మ వాజలీన్ రాసేది, నర్సమ్మ చూసి వెంటనే మాన్పించింది, ఆక్సిజన్ దగ్గర నూనె, వాజలీన్ లాంటివి అంటుకునే ప్రమాదం, నీళ్ళతో చేసిన జెల్లీ వాడమంది. కార్తీక మాసం దీపాలు, అగరబత్తీలు ఇప్పుడు హాల్ అవతల తులసికోట దగ్గరే. నాన్నకి బాధే, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని దూరం నుంచి దణ్ణం పెట్టుకుంటారు.

సెకండ్ హ్యాండ్ మిషన్ కొనేవాళ్ళు ఎన్ని గంటలు తిరిగిందో మీటర్ లో చూడండి, పావుగంట నడిచాక 5 లీటర్ల మీద అనలైజర్ రీడింగ్ మీ కళ్ళ ముందు తీయమనండి. 90 కి తక్కువ చూపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.