తెల్ల వ్యాను వెన్న కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

శనివారం సాయంత్రం మన గేటు దగ్గరికి తెల్ల వ్యానులో వస్తాడే, "కవ్వంతో చిలికిన ఆవు వెన్న" అంటూ, ఆయన దగ్గర కొనకండి. పేరు రాయను, ఎవరో మీకందరికీ తెలుసు.

2 కిలోలు, కిలో 900. నా బుద్ధి గడ్డి తిని బేరం కూడా ఆడలేదు. మావాడు జూన్‌లో టెన్త్‌కి వస్తాడు. మా అమ్మ కాచినట్టు సరస్వతాకు నెయ్యి కాద్దామనుకున్నా. జ్ఞాపకశక్తి సంగతి దేవుడెరుగు, వేడన్నంలో ఆ వాసన నాకిష్టం. కుండీల్లో ఆర్నెల్లు పెంచిన ఆకంతా కోసేశాను.

ముందు వెన్న కాచాను. చిటపటలు ఎంతకీ ఆగవు. ముప్పావుగంట! అప్పుడే అర్థమవ్వాల్సింది, నీళ్లకి రేటు కట్టి ఇచ్చాను అని. చేతి వెన్నలో కాస్త నీరు ఎక్కువే ఉంటుంది, అయినా 2 కిలోలకి కిలోన్నర నెయ్యి రావాలి. తూస్తే 900 గ్రాములు. అడుగున గసి చెంచాడు కూడా లేదు. మావాడు చక్కెర గిన్నె పట్టుకుని వచ్చి, తినడానికేమీ లేక తిరిగి వెళ్లిపోయాడు.

100 గ్రాములు పప్పులోకని గిన్నెలో తీసి పెట్టాను. మిగతా 800కి ఆకు ముద్ద 200, రసమూ నీళ్లూ కలిపి 3 లీటర్ల 200. ముద్ద ఒక వంతు, నెయ్యి నాలుగు, ద్రవం పదహారు, ఆయుర్వేదం లెక్క అదే. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా సన్నసెగ మీద కలుపుతూనే ఉన్నా. నురగ తగ్గింది, ముద్ద వేళ్ల మధ్య ఒత్తిలా చుట్టుకుంది, మంటకి చూపిస్తే చిటచిట లేదు. పాకం తప్పలేదండీ, గుర్తుపెట్టుకోండి, దీని మీదే గొడవ.

మర్నాడు చూస్తే పప్పు గిన్నెలోది కొవ్వొత్తిలా గడ్డ కట్టింది. మే నెలలో, హైదరాబాద్‌లో, వంటింటి గట్టు మీద! ఆవు నెయ్యి ఈ ఎండకి నూనెలా ఉండాలి. నాలుక మీద వేసుకుంటే కరగదు, అంగిటికి మైనంలా అంటుకుంది.

ఫోన్ చేశాను. గౌరవంగానే, "ఏమండీ, తూకం ఇంత తగ్గిందేంటి" అని. ఆయన అన్నది అక్షరం మార్చకుండా రాస్తున్నా: "ఆకు తాగేసింది మేడం. అడ్డమైన ఆకులు వేసి తగలేసి మా మీద పడితే ఎలా? నెయ్యి కాచడం రానివాళ్లు ప్యాకెట్ కొనుక్కోవాలి."

ఆకు తాగేసిందట! ఆకు వెయ్యకముందే తూచానయ్యా బాబూ. పప్పు గిన్నెలో ఆకు ఆనవాలే లేదు, అది ఎందుకు గడ్డ కట్టింది అని అడిగితే ఒక్క క్షణం ఆగి, "ఫ్రిజ్‌లో పెట్టుంటారు" అన్నాడు. వెనకాల ఎవరో ఆడమనిషి నవ్వింది. పద్దెనిమిది వందలకన్నా ఆ నవ్వు ఎక్కువ మండింది నాకు. పావుగంటకి ఆయన వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశాడు.

లడ్డూ నెయ్యి గొడవప్పుడు 2024లో రోజూ టీవీ ముందు కూర్చుని అందరినీ తిట్టింది నేనే. ఆ తెలివి గేటు దగ్గర ఏమైందో!

సరే, కొనే తీరాలంటే ముందు పావుకిలో తీసుకుని కాచి, తూచి, రాత్రంతా బయట పెట్టి చూడండి. ఆకు జోలికి ఆ తర్వాతే వెళ్లండి. బిల్లు అడగండి. నేను అడగలేదు.

ఆ గిన్నె ఇంకా గట్టు మీదే ఉంది. నమ్మకం లేనివాళ్లు బీ బ్లాకుకి వచ్చి చూసుకోవచ్చు. గిన్నె బోర్లించి చూపిస్తా, చుక్క కూడా జారదు.