భోజనాల బల్ల మీద ఓటు: హవాయి పోస్టల్ బ్యాలెట్ సేవకు నా మార్కులు

2022 నవంబరులో నేను హొనలులులో ఓటు వేసింది భోజనాల బల్ల దగ్గరే. హవాయి రాష్ట్రమంతటా 2020 నుంచి ఇదే పద్ధతి. నమోదై ఉంటే చాలు, అడగకుండానే బ్యాలెట్ ఇంటికి వస్తుంది. తిప్పి పంపడానికి స్టాంపు ఖర్చు కూడా లేదు.

సెనేటర్ గడి నింపడానికి నాకు పది సెకన్లు పట్టలేదు. బ్రయన్ షాట్జ్ మళ్లీ నిలబడ్డారు, ఎవరు గెలుస్తారో అందరికీ తెలుసు. తీరిక కావలసి వచ్చింది నగర చార్టర్, అంటే నగర పాలనకు మూల నియమావళి, సవరణల మీద అడిగిన ప్రశ్నలకు. ఒక్కో ప్రశ్న మూడేసి సార్లు చదివాను. ఒకదాని దగ్గర ఎటూ తేలక పెన్ను మూసేసి, మర్నాడు కాఫీ తాగాక మళ్లీ కూర్చున్నాను. వెనక వరుస కట్టిన జనం ఉంటే ఇది కుదిరే పనేనా?

భయపెట్టింది సంతకం. కవరు మీది సంతకాన్ని దస్త్రంలో ఉన్నదానితో పోల్చి చూస్తారు. నాది తెలుగు సంతకం. వయసుతో పాటు నా పేరులోని ఒత్తు కిందికి జారుతోంది! తేడా వస్తే సరిదిద్దుకోవడానికి ఎన్నిక తరువాత ఐదు పనిదినాలు గడువుంటుంది. అది తెలిసినా, బ్యాలెట్ అంగీకరించినట్లు ఫోనుకు సందేశం వచ్చేదాకా మనసు కుదుటపడలేదు.

నచ్చనిది ఒక్కటే. పోస్టు ముద్ర మీది తేదీ చెల్లదు. పోలింగు రోజు సాయంత్రం 7 గంటలకల్లా బ్యాలెట్ అధికారులకు చేరి తీరాలి. చివరి రోజున బ్యాలెట్ కవర్లు వేసే డ్రాప్‌బాక్సు వెతుక్కోవాల్సిందే.

షాట్జ్‌కు 71 శాతం, రిపబ్లికన్ బాబ్ మెక్‌డెర్మాట్‌కు 26 శాతం వచ్చాయి. 2014లో డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఇదే షాట్జ్ కొలీన్ హనబూసా మీద రెండు వేల లోపు ఓట్లతో గట్టెక్కారు. అప్పుడు ఇసెల్ తుఫానుకు హవాయి ద్వీపంలోని పూనా ప్రాంతంలో చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. రెండు చోట్ల పోలింగు దాదాపు వారం వాయిదా పడింది. అందరి కళ్లూ అక్కడి ఓటర్ల మీదే. ఈ కవర్లు ఆనాడే ఇంటింటికీ వచ్చి ఉంటే, గాలి మొదలవకముందే ఎంతమంది వేసి పంపేవారో!

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ సాయంత్రం 7 గంటల నియమానికి కోసింది.