గర్భసంచి ఆపరేషన్ తర్వాత 'సహజ హార్మోన్ ప్యాకేజీ' కొనబోయే తిరుపతి, చిత్తూరు మహిళలకు హెచ్చరిక

తిరుపతిలోని ఒక వెల్‌నెస్ కేంద్రంవారు గర్భసంచి తీయించుకున్న మహిళలకు 'సహజ హార్మోన్ సమతుల్యత' అనే పేరుతో ఆరు నెలల ప్యాకేజీ అమ్ముతున్నారు. దానికి నేను 24,000 రూపాయలు చెల్లించాను. ఆ డబ్బు తిరిగి రాకపోవడం ఒక నష్టం. డాక్టరు రాసిచ్చిన ఈస్ట్రోజెన్ (అండాశయాల్లో ఊరే స్త్రీ హార్మోన్) జెల్‌ను వారు మాన్పించడం వల్ల నా ఆరోగ్యానికి జరిగిన నష్టం అంతకంటే పెద్దది. చంద్రగిరి, పుత్తూరు, పలమనేరు వైపుల నుంచి వచ్చిన వారికి కూడా ఇదే ప్యాకేజీని అంటగట్టడం అక్కడ కూర్చున్నప్పుడు నా కళ్లతో చూశాను కనుక, కొనేముందు తెలుసుకోవలసిన విషయాలను వివరంగా రాస్తున్నాను.

నా వయస్సు 43. గర్భసంచిలో గడ్డలు పెరిగి రక్తస్రావం ఆగకపోవడంతో ఆపరేషన్ చేసి, గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసివేశారు. మన వైపు 'గర్భసంచి ఆపరేషన్' అనే ఒక్క మాటతో సరిపెట్టే ఈ చికిత్సలో నిజానికి రెండు వేర్వేరు పరిస్థితులు ఉన్నాయి. గర్భసంచిని మాత్రమే తీసి అండాశయాలను ఉంచితే నెలసరి ఆగిపోతుంది గానీ హార్మోన్లు మాత్రం ఊరుతూనే ఉంటాయి. రెండు అండాశయాలనూ తీసివేస్తే, సహజంగా కొన్నేళ్లపాటు నెమ్మదిగా తగ్గవలసిన ఈస్ట్రోజెన్ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. అందుకే ఒళ్లంతా ఒక్కసారిగా ఆవిర్లు కమ్మడం, అర్ధరాత్రి చెమటతో జాకెట్టు తడిసిపోవడం, నిద్ర కరవవడం, చిన్న మాటకే కన్నీళ్లు రావడం వంటి బాధలు ఈ రెండో పరిస్థితిలో చాలా తీవ్రంగా ఉంటాయి.

నా దగ్గర డబ్బు తీసుకున్న కేంద్రంలో ఎవరూ నన్ను అండాశయాలు ఉన్నాయా, తీసేశారా అని అడగలేదు. నేను తీసుకువెళ్లిన డిశ్చార్జి సమ్మరీని తెరిచి చూడలేదు. కేవలం ఉమ్మి నమూనా తీసుకుని, కొన్ని రోజుల తర్వాత రంగురంగుల పట్టికలున్న నివేదిక చేతికిచ్చి, "అక్కా, మీ హార్మోన్లు చెడిపోయాయి, మేము సరిచేస్తాం" అన్నారు. ఉమ్మి పరీక్ష అంకెలను బట్టి హార్మోన్ మోతాదును నిర్ణయించే పద్ధతిని మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం) వైద్య సంఘాలు సిఫారసు చేయడం లేదు. రెండు అండాశయాలూ తీసేసిన మనిషికి ఈస్ట్రోజెన్ తగ్గిందని తెలుసుకోవడానికి అసలు ఏ పరీక్షా అవసరం లేదని నా గైనకాలజిస్టు తర్వాత చెప్పారు. ఆ పరీక్షకు వేసిన రుసుము కూడా ఆ 24,000లో భాగమే.

జెల్‌ను మాన్పించడానికి వారు వాడిన ఆయుధం క్యాన్సర్ భయం. 2002లో అమెరికాలో హార్మోన్ల మీద జరిగిన పెద్ద పరిశోధనను క్యాన్సర్ కారణంగా ఆపేశారని రాసి ఉన్న కాగితాన్ని గోడకు అంటించి, వచ్చిన ప్రతి మహిళకూ చూపిస్తున్నారు. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే ఆ పరిశోధన నిజమే, దానిలో ఒక భాగాన్ని 2002లో ఆపిన మాటా నిజమే. అయితే ఆ భాగంలో ఉన్నవారు గర్భసంచి ఉన్న మహిళలు; వారికి ఇచ్చినది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ అనే మరో స్త్రీ హార్మోన్‌లా పనిచేసే మందు) కలిసిన మాత్ర. గర్భసంచి లేని మహిళలకు ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చిన రెండో భాగాన్ని 2004లో ఆపారు. దానికి కారణం పక్షవాతం ముప్పు కొంత పెరగడం. రొమ్ము క్యాన్సర్ అందులో పెరగలేదు, ఆ తర్వాతి సంవత్సరాల పరిశీలనలో తక్కువగానే కనిపించింది. పైగా అందులో చేరినవారి వయస్సు 50 నుంచి 79 వరకు. నలభై దాటీ దాటకముందే అండాశయాలు పోగొట్టుకున్న మహిళకు ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టుగా అంటగట్టడం మోసం కాకపోతే మరేమిటి? ఇంత చిన్న వయస్సులో ఈస్ట్రోజెన్ ఆగిపోయినవారు, వాడకూడని కారణం ఏదీ లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయస్సు వరకైనా దాన్ని వాడటం మంచిదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. చర్మానికి రాసుకునే జెల్, మామూలు మోతాదులో వాడినప్పుడు, మాత్రల మాదిరిగా రక్తం గడ్డకట్టే ముప్పును పెంచదని కూడా నా గైనకాలజిస్టు వివరించారు.

ఇక ప్యాకేజీలో ఇచ్చిన వస్తువుల సంగతి. మొదటిది అడవి పెండలం నుంచి తీశామని చెప్పిన క్రీము. దాన్ని పొట్ట మీద రాసుకుంటే శరీరమే దాన్ని ప్రొజెస్టిరాన్‌గా మార్చుకుంటుందని చెప్పారు. పెండలం జాతి దుంపల్లో ఉండే డయోస్జెనిన్ అనే పదార్థం నుంచి ప్రొజెస్టిరాన్‌ను తయారుచేయడం ప్రయోగశాలలో సాధ్యమే, మందుల కంపెనీలు ఆ పని చేశాయి కూడా. కానీ ఆ మార్పు చేసే శక్తి మన శరీరానికి లేదు. ఒకవేళ మారినా, హార్మోన్ చికిత్సలో ప్రొజెస్టిరాన్‌ను ప్రధానంగా ఇచ్చేది గర్భసంచి లోపలి పొరను కాపాడటానికి. గర్భసంచే లేనివారికి, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర వంటి కణజాలం దాని బయట పెరిగే జబ్బు) వంటి ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, దాని అవసరం ఉండదు. రెండోది సోయా, శతావరి కలిపిన పొడి. సోయా వల్ల ఆవిర్లు కొందరికి కొంచెం తగ్గవచ్చు గానీ, పోయిన అండాశయాల స్థానాన్ని ఆ పొడి భర్తీ చేయలేదు. నేను ఆయుర్వేదానికి వ్యతిరేకిని కాను. అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యులు పేషెంటు కాగితాలు చదవకుండా పొడి పొట్లాలు చేతిలో పెట్టరు. మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైనది: పేరు, లైసెన్సు నంబరు, తయారీ తేదీ ఏవీ లేని తెల్ల డబ్బాలో ఇచ్చిన క్యాప్సూళ్లు. అందులో ఏముందని అడిగితే "మా ఫార్ములా" అన్నారు. ఏముందో తెలియని క్యాప్సూల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ మింగవద్దు.

జెల్ ఆగిన కొద్ది వారాల్లోనే ఆవిర్లు మళ్లీ మొదలయ్యాయి. దాన్ని వారు 'ఒంట్లోని విషాలు బయటకు పోవడం' అని చెప్పి మరో డబ్బా కొనిపించబోయారు. మూత్రానికి వెళ్లినప్పుడు మంట, లోపల పొడిబారి దాంపత్యం నరకంగా మారడం వంటివి మనం ఇంట్లో కూడా నోరు విప్పి చెప్పుకోము. ఇవి ఈస్ట్రోజెన్ కొరత వల్ల వచ్చే బాధలని, యోని లోపల రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీముతో చాలావరకు తగ్గుతాయని ఆ కేంద్రంలో ఒక్కరూ చెప్పలేదు. చివరకు నా గైనకాలజిస్టు దగ్గరికే వెళ్లి జెల్‌ను తిరిగి మొదలుపెట్టాను. ఎముకల సాంద్రత కోసం డెక్సా స్కాన్ తీయిస్తే, నా వయస్సుకు ఉండవలసిన దానికంటే తక్కువగా ఉన్నట్టు తేలింది. అది ఆ కొన్ని నెలల్లోనే తగ్గిందని నేను అనను. కానీ అండాశయాలు తీసిన తర్వాతి తొలి సంవత్సరాల్లోనే ఎముక వేగంగా అరిగిపోతుంది, ఆ అరుగుదలకు నొప్పి ఉండదు. విరిగిన తర్వాత పుత్తూరు కట్టుకు పరుగెత్తడం మనకు తెలుసు గానీ, విరగక ముందు కాపాడుకోవలసిన కాలం ఇదేనని మనకు చెప్పేవారు తక్కువ.

ఈ వ్యాపారం మన ప్రాంతంలోనే ఇంతగా ఎందుకు సాగుతోందంటే, కొనేవారు ఇక్కడ ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మందికి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది ఉన్నారు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

కాబట్టి ఎవరైనా హార్మోన్ ప్యాకేజీ అని మీ ముందు పెట్టినప్పుడు, మొదట మీ డిశ్చార్జి సమ్మరీని, తీసిన భాగాల బయాప్సీ రిపోర్టును బయటకు తీసి, అండాశయాలు తీశారో లేదో చూసుకోండి. కాగితం లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో అడిగి తీసుకోవడం మీ హక్కు. ఆ కాగితాలతో రుయా ఆసుపత్రికో, స్విమ్స్‌కో, మీకు నమ్మకమున్న గైనకాలజిస్టు దగ్గరికో వెళ్లండి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టినవారు, పక్షవాతం లేదా తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారు ఆ విషయాన్ని డాక్టరుకు తప్పనిసరిగా చెప్పాలి. అటువంటివారికి హార్మోన్ కాని మందులు, ఉదాహరణకు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటివి, డాక్టర్లు ఆలోచించి ఇస్తారు. రాసిన మందును ఆపాలన్నా మార్చాలన్నా ఆ మాట రాసిన డాక్టరు నోటి నుంచే రావాలి, అమ్మేవారి నోటి నుంచి కాదు.

ఆహార సప్లిమెంటుగా అమ్మే ప్రతి డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, అది వైద్య ఉపయోగానికి కాదనే ప్రకటన తప్పనిసరిగా ఉండాలి. గర్భసంచి జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, 1954 నిషేధిస్తోంది. నాకు బిల్లు ఇవ్వలేదు, తెల్ల కాగితం మీద స్టాంపు వేసి ఇచ్చారు. మిగిలిన నెలల డబ్బు అడిగితే 'ప్యాకేజీ మధ్యలో ఆపితే తిరిగి ఇవ్వము' అన్నారు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళుతున్నాను. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్ల ఫిర్యాదుకు అక్కడ రుసుము లేదు, గడువు రెండేళ్లు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. ఇదే ప్యాకేజీ కొన్నవారు ఆ స్టాంపు కాగితాన్ని, యూపీఐ చెల్లింపు వివరాలను, ఆ తెల్ల డబ్బాను పారేయకుండా దాచుకోండి; ఫిర్యాదుకు అవే ఆధారాలు.