ఉద్యోగం చేస్తూ ఇష్టాన్ని సాగించడమా, అన్నీ వదిలేసి దిగడమా?

ఉద్యోగంతో పాటు: ఐన్‌స్టీన్ 1902 నుంచి 1909 దాకా బెర్న్ పేటెంట్ ఆఫీసు ఉద్యోగి. ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం వెలువడిన 1905 ఆ నడుమే. జీతం వస్తుంటే ఇంటద్దె భయం ఉండదు, ఇష్టమైన పని వెంటనే డబ్బు తేవాలన్న ఒత్తిడీ ఉండదు. చిక్కల్లా సమయంతోనే. రాత్రి పదింటికి, కళ్లు మూతలు పడుతుంటే నోట్‌బుక్ తెరవాలి. అప్పుడూ తెరవబుద్ధి అవుతోందంటే ఆ ఇష్టం నిజమైనదేనని నా నమ్మకం.

అన్నీ వదిలేసి: వాన్ గో 1880లో, 27వ ఏట, చిత్రకళే తన దారి అని తేల్చుకున్నాడు. అంత తెగింపు నాకు గొప్పగా కనిపిస్తుంది. అయితే దాదాపు చివరిదాకా అతని ఖర్చులు భరించింది తమ్ముడు థియో. ధైర్యం గురించి చెప్పేవాళ్లు ఆ తమ్ముణ్ణి మరిచిపోతుంటారు.

ఆదుకునే మనిషో, ఏడాదికి సరిపడా పొదుపో ఉంటే రెండో దారి. లేదంటే మొదటిదే, ఈ రాత్రి నుంచే.