గోడౌన్‌లో రోబోలు: రెండున్నరేళ్లు వాడాక నా మాట

విజయనగరం దగ్గర హైవే పక్కన మా కిరాణా సరుకుల గోడౌన్ ఉంది. బొబ్బిలి, రాజాం, శ్రీకాకుళం, పలాస షాపుల ఆర్డర్లు ఇక్కడి నుంచే వెళ్తాయి. రోబోలు వచ్చి రెండున్నరేళ్లయింది. అమ్మేవాళ్లు రోబో ఎంత స్పీడుగా పరిగెడుతుందో చూపిస్తారు. నేనైతే సరుకు ఏ రాక్‌లో ఎలా సర్దుతున్నారో ముందు చూసుకోమంటాను.

2012లో అమెజాన్ కొన్న కివా అనే కంపెనీ రోబోల పద్ధతే మాదీ. రోబో నేల మీది క్యూఆర్ స్టిక్కర్లు చదువుకుంటూ వెళ్లి, రాక్ కిందికి దూరి, దాన్ని ఎత్తుకుని మనిషి దగ్గరికి తెస్తుంది. మొదట్లో ఆర్డర్ వచ్చింది వచ్చినట్టే రోబోలకు వదిలేవాళ్లం. రెండు సబ్బుల కోసం రాక్ మొత్తం వచ్చి వెళ్లేది, పది నిమిషాలకు మళ్లీ అదే రాక్. ఇప్పుడు ఒకే వ్యాన్‌లో వెళ్లే షాపుల ఆర్డర్లు కలిపి వదులుతున్నాం. రాక్ ఒకసారి వస్తే నాలుగైదు షాపుల సరుకు తీసేస్తున్నాం.

అసలు పాఠం మొదటి శ్రావణమాసంలో నేర్చుకున్నాం. పసుపు, కుంకుమ, కర్పూరం, అగరుబత్తీలు కలిసి అమ్ముడవుతాయి కదా అని అన్నీ ఒకే రాక్‌లో పెట్టాం. ఒక రాక్ ఒకేసారి రెండు చోట్ల ఉండదు. మనుషులు సరుకు తీసే మూడు స్టేషన్లూ దాని కోసమే కాచుకుని కూర్చున్నాయి. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు రాత్రి 11 దాకా ప్యాకింగ్ సాగింది. మరుసటి ఏడాది అదే సరుకు కొంచెం కొంచెంగా నాలుగు రాక్‌లలో సర్దాం, సాయంత్రానికే వ్యాన్లు కదిలాయి. మా సాఫ్ట్‌వేర్ కిందటి వారాల అమ్మకాలు చూసి సర్దుతుంది, దానికి పంచాంగం తెలీదు. అందుకే పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి రెండు వారాల ముందే మేమే మార్పులు చేసుకుంటున్నాం.

నూనె డబ్బాలు కింది అరలోనే ఉండాలి, లేకపోతే మలుపులో రాక్ ఊగుతుంది.

దుమ్ముని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఒకసారి కారం ప్యాకెట్ చిరిగి స్టిక్కర్ మీద ఎర్రగా పరుచుకుంది. రోబో అక్కడే ఆగింది, దాని వెనక ఇంకో నాలుగు. మనిషి లోపలికి వెళ్లాలంటే ఆ భాగంలో రోబోలన్నీ ఆపాలి. గుడ్డతో తుడవడం అర నిమిషం పని, అన్నీ మళ్లీ దారిలో పడేసరికి పావుగంట పట్టింది. ఇప్పుడు రోజూ షిఫ్ట్ మొదలవకముందే స్టిక్కర్లు తుడుస్తాం.

సర్వీస్ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. రోబో చక్రం పాడైతే రెండు రోజుల్లో కొత్తది పంపుతామని అమ్మినవాళ్లు ఒప్పందంలో రాసి, పన్నెండు రోజులు తిప్పించారు. విడి చక్రాలు మీ దగ్గరే ఉంచుకునేలా ముందే రాయించుకోండి.

పికింగ్‌లో, అంటే రాక్‌ల నుంచి సరుకు తీసే పనిలో ఉండే మా అక్క ఒకామె ఇదివరకు రాక్‌ల మధ్య నడిచి నడిచి సాయంత్రానికి మడమలు పట్టుకుని కూర్చునేది. ఆ నడక తప్పింది. కానీ ఒకేచోట నిలబడి పిక్కలు లాగుతున్నాయంది. కాళ్ల కింద రబ్బరు మ్యాట్ వేయించి, రెండు గంటలకోసారి ఆమెను ప్యాకింగ్‌కి మారుస్తున్నాం. ఇప్పుడు కొంచెం నయంగా ఉందంటోంది.