చెడిన ప్రోటీన్‌ను తొలగించడంలో ప్రోటియాసోమ్, ఆటోఫజీ: ఏది మేలు?

ప్రోటీన్ గొలుసు సరిగ్గా ముడుచుకోకపోతే, లోపల దాగి ఉండాల్సిన నీటికి గిట్టని భాగాలు బయటపడతాయి. అవి పక్కనున్న ప్రోటీన్లకు అతుక్కుంటాయి. అందుకే కణం వాటిని ఎక్కువసేపు ఉండనివ్వదు. ముందు హెచ్‌ఎస్‌పీ70 వంటి సహాయక ప్రోటీన్లు వాటిని సరిచేయడానికి చూస్తాయి. కుదరకపోతే ముక్కలు చేయడమే. దానికి ప్రధానంగా రెండు దారులున్నాయి: ప్రోటీన్లను కోసే పీపా లాంటి యంత్రం ప్రోటియాసోమ్, కణం తన లోపలివాటిని తానే మింగి అరిగించుకునే ఆటోఫజీ. ఉపవాసాల మీద వచ్చే వీడియోల వల్ల ఆటోఫజీ పేరు ఇప్పుడు తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. ప్రోటియాసోమ్ పేరు మాత్రం జీవశాస్త్రం చదివినవాళ్లు దాటితే పెద్దగా వినపడదు. రెండింట్లో నా మొదటి ఓటు ఆ వినపడని దానికే. ఆ ఓటు ఎక్కడ మార్చుకోవాల్సి వస్తుందో కూడా చెబుతాను.

ప్రోటియాసోమ్ కథ ఒక చిక్కుప్రశ్నతో మొదలైంది. ప్రోటీన్‌ను కట్టడానికి శక్తి కావాలంటే అర్థముంది, విరగ్గొట్టడానికి ఎందుకు? కడుపులో అన్నంతో పాటు తిన్న పప్పులోని ప్రోటీన్ అరగడానికి, కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీ అక్కర్లేదు. కానీ కణం లోపల ప్రోటీన్ల విచ్ఛిత్తికి శక్తి ఖర్చవుతుందని 1953లోనే కాలేయపు ముక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆ ఏటీపీని 1929లో వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు.

ఎర్ర రక్తకణాలుగా మారబోయే రెటిక్యులోసైట్లలో లైసోసోములు, అంటే కణంలో అరిగించే ఎంజైములున్న సంచులు, ఉండవు. అయినా అవి చెడిన హిమోగ్లోబిన్‌ను చకచకా తొలగిస్తాయని, అందుకు ఏటీపీ తప్పనిసరి అని 1977లో ఎట్లింగర్, గోల్డ్‌బర్గ్ చూపించారు. అంటే లైసోసోముతో సంబంధం లేని యంత్రాంగం ఒకటి ఉండి తీరాలి. హైఫాలోని టెక్నియన్‌లో హెర్ష్‌కో, చికనోవర్ దాని వెంట పడ్డారు. కుందేలు రెటిక్యులోసైట్ల సారాన్ని రెండు భాగాలుగా విడదీస్తే ఏ ఒక్కటీ పనిచేయలేదు, కలిపితే పనిచేసింది. మొదటి భాగం నిండా ఎర్రగా హిమోగ్లోబినే. అందులో కావలసిన పదార్థమేదో తెలియక దాన్ని వేడిచేసి చూశారు. హిమోగ్లోబిన్ గడ్డకట్టి అడుక్కి చేరింది. పైన మిగిలిన ద్రవంలో ఆ పదార్థం చెక్కుచెదరలేదు. వేడికి లొంగని ఆ చిన్న ప్రోటీనే యుబిక్విటిన్. అందులో ఉన్నవి 76 అమైనో ఆమ్లాలు మాత్రమే. 2004లో వారిద్దరితో పాటు ఇర్విన్ రోజ్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది.

శక్తి ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఎంపికలో ఉంది. చెడిన ప్రోటీన్‌కు మూడు అంచెల ఎంజైములు యుబిక్విటిన్‌ను గుర్తుగా అతికిస్తాయి. ఏ ప్రోటీన్‌కు అతికించాలో ప్రధానంగా తేల్చేది చివరి అంచె. మనిషిలో ఈ చివరి అంచె ఎంజైములే 600కు పైగా ఉన్నాయి. వాటిలో చిప్ అనేది నేరుగా హెచ్‌ఎస్‌పీ70కి అంటుకుని, ఆ సహాయక ప్రోటీన్ చేతిలో ఉన్నదానికే గుర్తు వేస్తుంది. గుర్తు పడిన ప్రోటీన్‌ను ప్రోటియాసోమ్ మూత ఏటీపీ బలంతో విప్పి, గొలుసులా సాగదీసి లోపలికి లాగుతుంది. యుబిక్విటిన్‌ను మాత్రం ముందే ఊడదీసి మళ్లీ వాడుకోవడానికి వదిలేస్తుంది. కోసే అంచులన్నీ పీపా లోపలే ఉంటాయి కాబట్టి పక్కనున్న మంచి ప్రోటీన్‌కు ప్రమాదం లేదు. ఇంత పొదుపు, ఇంత జాగ్రత్త ఆటోఫజీలో లేవు.

అయితే ఈ జాగ్రత్తే దాని పరిమితి కూడా. పీపా లోపలి ద్వారం వెడల్పు 1.3 నానోమీటర్లే. సూది బెజ్జంలో దారం దూరుతుంది గానీ చిక్కుపడిన ఉండ దూరదు. చెడిన ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టాక ప్రోటియాసోమ్ చేయగలిగింది చాలా తక్కువ.

ఆటోఫజీ బలం అక్కడే. రెండు పొరల త్వచం ఒకటి ముద్ద చుట్టూ పెరిగి, మూసుకుని సంచిలా మారుతుంది. అది లైసోసోముతో కలిసిపోతే అక్కడి ఆమ్లంలో పనిచేసే ఎంజైములు లోపలున్నదంతా కరిగిస్తాయి. విప్పాల్సిన పని లేదు. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పాడైతే వాటిని కూడా ఇలాగే మింగేస్తుంది. ఆకలితో ఉంచిన ఈస్ట్ కణాల్లో ఈ సంచులను సూక్ష్మదర్శినిలో చూసి, దీని వెనుక ఉన్న జన్యువులను వెతికి పట్టిన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ ఇచ్చారు. ఆకలి వేళ ఆటోఫజీ ఎదురుపడిన కణద్రవ్యాన్ని మింగుతుంది. చెడిన ముద్దలను ఏరుకోవాలంటే మాత్రం పీ62 వంటి మధ్యవర్తి ప్రోటీన్ కావాలి. అది ఒక వైపు యుబిక్విటిన్‌ను, మరో వైపు సంచి త్వచం మీదున్న ఎల్‌సీ3 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. అంటే రెండు దారులకూ గుర్తు ఒకటే, యుబిక్విటిన్.

ఏది లేకపోతే ఎక్కువ నష్టమో ఎలుకల్లో చూశారు. 2006లో జపాన్ బృందాలు రెండు, మెదడు కణాల్లో ఆటోఫజీ జన్యువులను తొలగించాయి. జబ్బు కలిగించే ప్రోటీన్ ఏదీ పెట్టకపోయినా, ప్రోటియాసోమ్ పనితీరులో తేడా కనిపించకపోయినా, యుబిక్విటిన్ అంటిన ముద్దలు పేరుకున్నాయి, నాడీకణాలు చచ్చిపోయాయి. 2008లో మరో బృందం ఎలుక నాడీకణాల్లో ప్రోటియాసోమ్‌ను దెబ్బతీస్తే అక్కడా అదే జరిగింది. ఒకటి ఉంటే రెండోది లేకపోయినా పర్లేదన్న వాదన ఈ రెండు ప్రయోగాలతో నిలబడదు. నాడీకణం విభజన చెందదు. విభజన చెందే కణం పేరుకున్నదాన్ని పిల్లకణాలకు పంచి పలచబరచగలదు, నాడీకణానికి ఆ వీలు లేదు. అందుకే మెదడు విషయానికి వస్తే నా ఓటు ఆటోఫజీ వైపు జరుగుతుంది.

రెండూ ఒకే ప్రోటీన్ మీద పనిచేసే తీరు చూడాలంటే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ మంచి ఉదాహరణ. ఊపిరితిత్తులను కాపాడే ఈ ప్రోటీన్ కాలేయంలో తయారవుతుంది. 342వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసిన్ వస్తే అది సరిగ్గా ముడుచుకోక, ప్రోటీన్లు తయారై ముడుచుకునే అంతర్జీవద్రవ్యజాలంలో చిక్కుకుంటుంది. ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్లలో ఈ లోపం ఎక్కువ. విడివిడిగా ఉన్న అణువులను కణం ప్రధానంగా ప్రోటియాసోముకు పంపుతుంది. గొలుసులుగా పెనవేసుకున్నవి ఆటోఫజీ వాటా. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ ఆటోఫజీని పెంచి, ఈ లోపమున్న ఎలుకల కాలేయంలో పేరుకున్న ప్రోటీన్‌ను తగ్గించిందని 2010లో వచ్చిన పరిశోధన చూపింది. ప్రోటియాసోమ్ ముందు పనిచేస్తుంది, దానికి అందకుండా ముద్దకట్టినదాన్ని ఆటోఫజీ పట్టుకుంటుంది. నా మొదటి ఓటు ప్రోటియాసోమ్‌కు వేసింది ఈ వరుస వల్లే. ముద్ద కట్టకముందే పట్టుకోవడం ఎప్పుడూ మేలు.

కానీ గుర్తు వేసే దశ కొన్నిసార్లు మరీ కఠినంగా ఉంటుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో 508వ అమైనో ఆమ్లం లేని ప్రోటీన్ కణం పైపొర దాకా చేరితే కొంతైనా పనిచేయగలదు. కణం మాత్రం దాదాపు అంతా ప్రోటియాసోముకు పంపేస్తుంది. 2019లో అమెరికాలో ఆమోదం పొందిన మూడు మందుల కలయికలో రెండు మందులు ఆ ప్రోటీన్‌ను సరిగ్గా ముడుచుకునేలా చేసి గండం దాటిస్తాయి. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌లో ఇందుకు భిన్నంగా ప్రోటియాసోమ్‌నే అడ్డుకుంటారు. ఆ క్యాన్సర్ కణాలు యాంటీబాడీలను విపరీతంగా తయారుచేస్తాయి కాబట్టి చెడిన ప్రోటీన్ భారమూ వాటికి ఎక్కువే. 2003 నుంచి వాడుకలో ఉన్న బోర్టెజోమిబ్ అనే మందు ఆ భారం దిగే దారి మూసేసి కణాలను చంపుతుంది.

ఉపవాసం సంగతి కూడా చెప్పాలి. ఆకలి ఆటోఫజీని పెంచుతుందన్నది నిజం. అయితే ఓసుమి ఆకలితో ఉంచి చూసింది ఈస్ట్‌ను. ఏకాదశి ఉపవాసమో, పదహారు గంటల విరామమో మనిషి మెదడులోని ముద్దలను కరిగించి పార్కిన్సన్, అల్జీమర్స్ జబ్బులను నయం చేస్తుందని ఆ నోబెల్ చెప్పలేదు. ఆ పేరు చెప్పి పెద్దవాళ్ల చేత మందులు మాన్పించడం, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ల చేత మాన్పించడం ప్రమాదం.

మందుల తయారీలో ఈ పోలిక ఇప్పుడు అసలైన ఎంపికగా మారింది. ఒక చివర అక్కర్లేని ప్రోటీన్‌ను, మరో చివర యుబిక్విటిన్ అతికించే ఎంజైమును పట్టుకునే ప్రోటాక్ అనే అణువులను 2001లో మొదటిసారి చూపించారు. విడిగా, కరిగి ఉండే ప్రోటీన్లకు ఆ దారి చాలా బాగుంది. మెదడును దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు హంటింగ్టన్ వ్యాధిలో ముద్దకట్టే హంటింగ్టిన్ అనే ప్రోటీన్ కోసం షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయం వారు 2019లో వేరే దారి పట్టారు. చెడిన హంటింగ్టిన్‌ను ఒక వైపు, ఎల్‌సీ3ని మరో వైపు పట్టుకునే అణువులను వెతికి, మంచి హంటింగ్టిన్ జోలికి పెద్దగా పోకుండా చెడినదాన్ని ఎలుకల్లో తగ్గించగలిగారు. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేస్తుందన్న హామీ లేదు. అయినా ముద్దకట్టే స్వభావమున్న ప్రోటీన్లకు, అందులోనూ నాడీకణాల్లో, మందు వెతికేవాళ్లు ముందుగా ఈ రెండో దారినే ప్రయత్నించాలని నా అభిప్రాయం.